బావ గొంతులో తరుగు

పాత కంప్యూటర్ల బజారులో అతన్ని అందరూ తరుగు అనే పిలుస్తారు. ఎవరు ఏ సామాను అమ్మకానికి తెచ్చినా అటూ ఇటూ తిప్పి చూసి, గీతకింత, దుమ్ముకింత అని తరుగు తీసేశాకే ధర చెబుతాడు. ఆ పేరుకు అతనెప్పుడూ నొచ్చుకోలేదు. పనికిరానిది తీసేస్తే మిగిలేదే అసలు సరుకని అతని నమ్మకం. ఇరవై ఏళ్లుగా ఆ లెక్క తప్పలేదు.

అక్క కంప్యూటర్‌కీ అదే లెక్క వేశాడు.

అక్కది కోర్టు గేటు ఎదురుగా టైపింగ్ కొట్టు. కంప్యూటర్ వయసు పదకొండేళ్లు. పొద్దున స్విచ్ వేసి, నేల ఊడ్చి, నీళ్లు పట్టుకొచ్చినా తెర మీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. అర్జీల కోసం వచ్చినవాళ్లు కాసేపు నిలబడి పక్క కొట్టుకు జారుకుంటున్నారు. కొత్తది కొనే స్తోమత లేదు. ఉన్నదాన్నే పరుగెత్తించమని తమ్ముణ్ణి పిలిచి, ఒక్క షరతు పెట్టింది.

"ఏం పీకుతావో పీకు. మీ బావ గొంతు మాత్రం పోకూడదురా."

బావ టైపింగ్ మాస్టారు. అక్కకు నలభయ్యో ఏట ఆ పని నేర్పింది ఆయనే. ఆమె కీబోర్డు ముందు కూర్చుంటే పక్క కుర్చీలోంచి ఒక్కో వాక్యం చదివేవాడు. మర్నాడు ఒంటరిగా సాధన చేసుకోవడానికి పనికొస్తుందని అదంతా రికార్డు చేసి ఉంచేవాడు. ఆయన పోయి రెండేళ్లు. ఇప్పటికీ కొట్టు తెరవగానే ఒక పాఠం పెట్టుకుని, ఆ గొంతు వెంట టైపు కొట్టాకే అక్క మొదటి గిరాకీని పిలుస్తుంది.

తరుగు కంప్యూటర్‌ను తన షాపుకు మోసుకెళ్లాడు. గుప్పెడు దుమ్ము ఊదేశాడు. చెడిపోయిన వేరే మెషీన్లోంచి ర్యామ్ తీసి దీనికి పెట్టాడు. నత్తనడక నడిచే పాత డిస్కు తీసేసి, చిన్నదే అయినా చురుకైన కొత్త డిస్కు బిగించాడు. ఆ చిన్నదాంట్లో బావ పాఠాలన్నీ పట్టలేదు. వాటిని కుదించే ప్రోగ్రామ్‌లో 'నిశ్శబ్దం తొలగించు' అని ఒక గడి కనబడింది. నిశ్శబ్దమంటే ఉత్త గాలే కదా అనుకుని టిక్కు పెట్టాడు. నలభై నిమిషాల పాఠం పదకొండు నిమిషాలకు దిగింది. రెండు మూడు విని చూశాడు. ఒక్క మాట కూడా పోలేదు. ఇక పాత డిస్కును అలవాటు ప్రకారం ఆనవాలు లేకుండా తుడిచేసి, ఒక గోదాము వాళ్లకు నిఘా కెమెరాల రికార్డింగ్ పెట్టెలోకి అమ్మేశాడు. కొత్త డిస్కు ఖర్చు దాంతో సరిపోయింది.

నాలుగో రోజు పొద్దున్నే కొట్టులో తీసుకొచ్చి పెట్టాడు. స్విచ్ వేయగానే తెర వెలిగింది.

"చీపురు పట్టుకునే లోపే లేచి కూర్చుందే! ఇక నేను బద్ధకించడానికి సాకు కూడా లేదు" అని అక్క నవ్వింది. నవ్వుతూనే మొదటి పాఠం పెట్టి, వేళ్లు కీల మీద ఆనించింది.

బావ ఒక వాక్యం చదివాడు. దాని తోక పట్టుకుని ఇంకోటి. ఆ వెంటనే ఇంకోటి. అక్క వేళ్లు పరుగెత్తి, తడబడి, వెనకబడిపోయాయి. తప్పు మీట నొక్కానేమో అని మళ్లీ మొదటి నుంచి పెట్టింది. మళ్లీ అంతే.

"ఈయనకింత తొందరేంట్రా?"

తాను చేసింది గర్వంగానే చెప్పడం మొదలుపెట్టాడు తరుగు. సగంలో గొంతు సన్నబడింది. అక్క కోప్పడలేదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య కుర్చీ కిర్రుమనేదని, కళ్లద్దాలు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించేదని, తాను తప్పు కొడితే ఆయన మెల్లగా ఊఁ అనేవాడని తెర వైపే చూస్తూ చెప్పింది. పాత డిస్కు ఉందా అని అడిగింది. అతను తల దించుకుని గోదాము సంగతి చెప్పాడు.

"ఖాళీలు మళ్లీ పెట్టేస్తానక్కా. వాక్యానికెన్ని సెకన్లో చెప్పు, అన్నిటికీ ఒక్క పూటలో పెట్టేస్తా."

"ఆయన లెక్కపెట్టుకుని ఆగేవాడు కాదురా. నా చేతులు చూసి ఆగేవాడు."

తరుగు స్టూలు లాక్కుని బావ కూర్చునే వైపు కూర్చున్నాడు. మౌస్ తీసుకుని పాఠం మొదటి నుంచి పెట్టాడు. వాక్యం అవగానే బావ గొంతు ఆపి అక్క చేతుల వైపు చూశాడు. ఆమె చుక్క పెట్టాక మళ్లీ వదిలాడు. రెండో వాక్యానికి తొందరపడ్డాడు. మూడోదానికి కుదిరింది. గుమ్మంలో కాగితాలు పట్టుకుని ఎవరో వచ్చి నిలబడ్డారు.

నాలుగో వాక్యం ఆపాడు. అక్క వేళ్లు కీల మీదే ఉన్నాయి, కదలడం లేదు; ఏదో చప్పుడు కోసం వింటున్నట్టు తల పక్కకు వాల్చింది. ఎంతసేపు ఆగాలో తెలియక, మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచి, అతను ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు.