జేబులో చోటు

వర్జిల్ టాకెట్ ముప్పై ఏళ్ళు కెంటకీ కొండదారుల్లో బడి బస్సు నడిపాడు. వెనక నలభై మంది పిల్లలు కిష్కింధకాండ చేస్తున్నా సరే, అద్దంలోంచి ఒక్క చూపు చూస్తే బస్సంతా గప్‌చుప్. అంతటి ధీరుడు పోయిన నెల పెట్రోలు బంకులో, టోపీ కళ్ళమీదకు లాక్కున్న కుర్రాడొకడు తనవైపు వస్తుంటే, కారులో పెట్రోలు పోసుకుంటున్న గొట్టం అక్కడే పడేసి బంకు కొట్లోకి పరుగెత్తాడు. ఆ కుర్రాడు వెనకే వచ్చి చెప్పిన మాట ఒకటే: "పెద్దాయనా, మీ పెట్రోలు మూత కారు మీదే మర్చిపోయారు."

ఊరంతా నవ్వింది. వర్జిల్ అందరికంటే ముందే నవ్వేశాడు. ఆలస్యంగా నవ్వితే ఏడుపులా కనిపిస్తుందని అతని భయం. కానీ అసలు భయం నవ్వులాట కాదు. అంతకు కొద్దిరోజుల ముందే, పక్క లోయలో ఒంటరిగా ఉండే కూంబ్స్ అనే ముసలాయన తల పగలగొట్టి, మత్తుకోసం ఆయన నొప్పి మాత్రల సీసా ఎత్తుకుపోయారు దొంగలెవరో. అప్పటినుంచి వర్జిల్ గడియ పెట్టిన తలుపుకే మళ్ళీ మళ్ళీ గడియ పెడుతున్నాడు. ఇంట్లో జింకల వేట తుపాకీ ఉంది గానీ, దాన్ని చంకన పెట్టుకుని పెట్రోలుకు వెళ్ళలేడు కదా. జేబులో పట్టే చిన్నదొకటి ఉంటే మళ్ళీ మనిషినవుతానని అతనికి గట్టిగా అనిపించింది.

భార్య నాడీన్‌ను వెంటబెట్టుకుని డెల్మర్ తుపాకుల కొట్టుకు వెళ్ళాడు. డెల్మర్ చిన్నప్పుడు వర్జిల్ బస్సులో ప్రతి మలుపుకూ వాంతి చేసుకున్నవాడే. ఇప్పుడు గడ్డం పెంచి, పెద్దమనిషయ్యాడు.

"అన్నిటికంటే చిన్నది చూపించరా," అన్నాడు వర్జిల్.

డెల్మర్ అరచేతిలో ఇమిడే పిస్తోలొకటి తీసి, లోపల గుళ్ళు లేవని చూపించి, బల్లమీది గుడ్డపై పెట్టాడు. "పైభాగం పట్టుకుని వెనక్కి లాగు బాబాయ్. లాగితేనే గుండు లోపలికి ఎక్కేది."

వర్జిల్ లాగాడు. రాలేదు. పళ్ళు బిగించి లాగాడు. పెట్టుడు పళ్ళు కదిలాయి గానీ పిస్తోలు కదల్లేదు.

"తుప్పు పట్టిందిరా ఇది."

"కొత్తది బాబాయ్! చిన్నవాటికే స్ప్రింగు గట్టిగా ఉంటుంది. పిట్ట కొంచెం, కూత ఘనం."

"ఇలా తే," అని నాడీన్ అందుకుంది. రోజూ రొట్టెల పిండి పిసికే చేతులు. టక్కున లాగి వదిలింది. "దీన్ని నాకు కొనిపెట్టయ్యా. దొంగ వస్తే నువ్వు నా వెనక నుంచుందువుగాని."

డెల్మర్ నవ్వాపుకోలేక బల్ల కిందికి వంగి, ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. మొత్తానికి పైకి లేచేటప్పుడు చేతిలో పొట్టి రివాల్వరు ఉంది. లాగే పని లేదు. జేబు గుడ్డకు చిక్కుకోకుండా, గుండును పేల్చే వెనక కొక్కెం కూడా లోపలే దాగి ఉంది. వర్జిల్ చేతికి పాత బస్సు గేరు కర్రలా హాయిగా అమరింది.

"ఇదేరా నాది!"

"తొందరపడకు. జేబు సంగతేంటి? లోతుండాలి, గుడ్డ మందంగా ఉండాలి. తోలు సంచిలో పెట్టాకే జేబులో పెట్టాలి. ఇంకో మాట. ఆ జేబులో అదొక్కటే ఉండాలి. తాళంచెవి, చిల్లర, చివరికి పిప్పరమెంటు బిళ్ళయినా సరే, ట్రిగ్గరుకు తగిలిందంటే నీ తొడే పోతుంది."

"సోమవారం వస్తాను, తీసిపెట్టు," అన్నాడు వర్జిల్.

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంటికెళ్ళగానే షెడ్డులో కూర్చుని చెక్కతో అదే కొలతలో రివాల్వరొకటి చెక్కాడు. నల్ల బూటు పాలిష్ పూశాడు. పనితనం మీద మమకారం పెరిగి ట్రిగ్గరు దగ్గర బెజ్జం కూడా తొలిచాడు. ఇక ఉన్న ప్యాంట్లన్నీ తొడుక్కుంటూ, నాడీన్ ముందు పెళ్ళికొడుకులా అటూ ఇటూ నడిచాడు.

"కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. తుపాకీలా కాదులే. హెర్నియా దిగినట్టుంది."

ఆఖరికి ఆదివారం చర్చికి వేసుకునే వదులు ప్యాంటు నెగ్గింది. చెక్క బొమ్మ కుడి జేబులో వేసుకుని, ఆ జేబులోని పిప్పరమెంట్లు ఎడమ జేబులోకి మార్చుకుని వర్జిల్ ప్రార్థనకు బయలుదేరాడు. పాస్టరు క్షమ గురించి చెబుతున్నంతసేపూ అతని ధ్యాసంతా ఒక్కదానిమీదే: ఎవరైనా కనిపెట్టారా? ఎవరూ కనిపెట్టలేదు. గర్వంతో ఛాతీ ఉబ్బింది. పాటలో గొంతు కూడా పెంచాడు.

ప్రార్థన అయ్యాక కాఫీ బల్ల దగ్గర పాస్టరుతో కరచాలనం చేస్తుండగా కుడి జేబులో ఏదో వెచ్చగా కదిలింది. చూస్తే మేలీ చెయ్యి. పాస్టరు చెల్లెలి కూతురు, ఐదేళ్ళ పిల్ల. పిప్పరమెంటు కావాలంటే వర్జిల్‌ను అడిగే అలవాటు ఆ చర్చిలో ఏ పిల్లకూ లేదు. వాళ్ళ తల్లులూ తండ్రులూ కూడా చిన్నప్పుడు నేరుగా జేబులో చెయ్యి పెట్టినవాళ్ళే.

మేలీ చెయ్యి బయటికి తీసింది. చెక్క రివాల్వరు బెజ్జంలో పిల్ల చూపుడువేలు సరిగ్గా దూరి ఉంది. మొన తన గడ్డానికే ఆని ఉంది.

"ఇది తినేది కాదు తాతా!" అంది చిన్నబుచ్చుకుని.

అందరూ గొల్లుమన్నారు. ఈసారి వర్జిల్ ముందు నవ్వలేకపోయాడు, వెనకా నవ్వలేకపోయాడు. కుర్చీలో కూలబడ్డాడు. చెక్కే, ఒట్టి చెక్కే అని తనకు తానే చెప్పుకున్నాడు. ఎడమ జేబులోని బిళ్ళలన్నీ తీసి పిల్ల దోసిట్లో పోశాడు. నాడీన్ ఒక్క ఎకసెక్కెమూ ఆడకుండా అతని భుజం మీద చెయ్యి వేసింది. దాంతో అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

సోమవారం మాట తప్పకుండా వెళ్ళాడు. డెల్మర్ రివాల్వరు తుడిచి సిద్ధంగా పెట్టాడు. వర్జిల్ చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు. ఇప్పటికీ అంతే హాయిగా అమరింది. ఆశ చావలేదు.

"జేబులో ఇంకేమీ ఉండకూడదంటావ్?"

"ఉండకూడదు బాబాయ్."

"అయితే వద్దురా. ఆ జేబు ఖాళీ లేదు."

డెల్మర్‌కు చర్చి సంగతి అప్పటికే తెలుసు. ఊళ్ళో తెలియనిదెవరికి? "దానికేముంది, ఆదివారం మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళు."

"పెట్రోలు మూతే మర్చిపోయినవాణ్ణి, దీన్ని ఇంట్లో పెట్టడం మర్చిపోనంటావా?"

డెల్మర్ రివాల్వరును మళ్ళీ గుడ్డలో చుట్టాడు. "మరి భయం సంగతేంటి బాబాయ్?"

"అదెక్కడికి పోతుంది? ఉంటుంది," అన్నాడు వర్జిల్ తలుపు తీస్తూ. "ఈసారి మూత పెట్టి పరుగెత్తుతాను."