ఎదురుకాళ్ల పిల్ల

మందమర్రి కార్మికుల కాలనీలో పొద్దున్నే రెండు వరుసలు కనిపిస్తాయి. ఒకటి నల్లా దగ్గర, రెండోది హనుమండ్లు క్వార్టర్ ముందు. నల్లా దగ్గర తిట్టుకుంటారు, తోసుకుంటారు. హనుమండ్లు ఇంటి ముందు మాత్రం నడుములు పట్టుకుని బుద్ధిగా నిలబడతారు. ఎందుకంటే హనుమండ్లు కూతురు నిఖిత ఎదురుకాళ్లతో పుట్టింది.

తల కంటే ముందు కాళ్లు బయటికొచ్చిన మనిషి నడుము మీద తొక్కితే పట్టు వదులుతుందని అందరికీ తెలిసిందే. నిఖిత తొక్కితే వదలడమే కాదు, నొప్పి లేచొచ్చి ఆమె కుడి మడమలో కూర్చుంటుంది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ ఇదే తంతు. వచ్చినవాళ్లు అరుగు మీద బోర్లా పడుకుంటారు, ఆమె తొక్కుతుంది, వాళ్లు లేచి దులుపుకుని బొగ్గుబాయి డ్యూటీకి పోతారు. మంచి కాలు, చల్లని కాలు అని పొగుడుతారు. మనిషిని పొగిడితే ఎక్కడ ఖర్చవుతుందోనని కాబోలు, కాలును మాత్రమే పొగిడేవారు.

నిఖితకు పెళ్లీడు వచ్చేసరికి మడమ నిండిపోయింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది. సరిగ్గా అప్పుడే ఆమె కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటి రాతపరీక్ష గట్టెక్కింది. ఇక కరీంనగర్‌లో పరుగు పరీక్ష ఉంది, మైదానం చుట్టూ రెండు రౌండ్లు. అందులో వెనకబడితే మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలియదు.

నాయనమ్మ శంకరవ్వ తనకు తెలిసిన వైద్యం చేసింది. ఇటుక వేడిచేసి, పైన జిల్లేడాకులు పరిచి, మనవరాలి మడమ దానిమీద పెట్టించింది. పాపం ముసలామె ఒక్కటి మరిచిపోయింది. లోపలున్నవన్నీ నడుమునొప్పులు. నడుమునొప్పికి వేడి తగిలితే ఎంత హాయో వేరే చెప్పాలా? అవి ఒళ్లు విరుచుకుని ఇంకాస్త విశాలంగా కూర్చున్నాయి.

దాంతో నిఖిత బస్సెక్కి నస్పూర్ పోయింది. అక్కడ మందుల షాపు పైగదిలో మహిమ ఫిజియోథెరపీ చేస్తుంది. మిషన్ చర్చి వాళ్ల అమ్మాయి, మాట తక్కువ, బొటనవేలి బలం ఎక్కువ. మడమ నొక్కి చూసింది.

"ఎంతమందివి ఉన్నయి?" అంది.

"లెక్కపెట్టలే అక్కా."

"మడమ నుంచి వేళ్లదాక అరికాలి కింద ఒక పొర ఉంటది. అది బిగుసుకపోయింది. పిక్క సాగితే అది వదులుతది. వదిలినంక ఎవరి నొప్పి వాళ్లింటికి పోతది. సరేనా?"

నిఖిత కాసేపు ఆలోచించి, సరే అంది.

"ఇయ్యాల్టి సంది ఎవ్వరినీ తొక్కద్దు మరి."

ఇక మొదలైంది సాధన. మంచం దిగకముందే పాదానికి టవల్ తగిలించి లాక్కోవడం, గోడకు చేతులానించి పిక్క సాగదీయడం, గడ్డకట్టిన నీళ్లసీసా మీద అరికాలు దొర్లించడం. నొప్పులు ఒక్కొక్కటే బయల్దేరాయి. వాసనను బట్టి ఎవరిదో తెలిసిపోయేది. ఒకటి వరినారు వాసనతో వెళ్లింది. అది సుల్తానాబాద్ నుంచి వచ్చే నాట్ల కూలీ రాజక్కది. దానికి మాత్రం నిఖిత ఏడ్చింది. ఏడ్చి, రాజక్కకు ఫోన్ చేసి నస్పూర్ రమ్మంది. మహిమ ఆమెకు నడుము కసరత్తులు నేర్పింది.

కాలనీకి మాత్రం కోపమొచ్చింది. పెద్దమనిషి సిద్దిరాములు, హనుమండ్లుకు అన్న వరుస, ఒకరోజు తెల్లారకముందే వచ్చి అడగకుండానే అరుగు మీద బోర్లా పడుకున్నాడు.

"తొక్కు బిడ్డా. డ్యూటీకి టైమైతుంది."

"తొక్కను పెద్దబాపు."

"గదేంది? గీ కాలు దేవుడిచ్చిండు. నీ ఒక్కదానిదా?"

"దేవుడు నాకే ఇచ్చిండు. మీకియ్యాలనుకుంటే మీకే పెడుతుండె."

"నీ ఉరుకుడు కోసం ఇంతమందిని పరేషాన్ చేస్తవా?"

"నొప్పులు మీయే గద పెద్దబాపు. ఇన్నేండ్లు నేను మోసిన. నీ కాలెట్లున్నది బిడ్డా అని ఒక్కనాడన్న ఎవరన్న అడిగిండ్రా?"

సిద్దిరాములు చాలాసేపు అలాగే పడుకున్నాడు. కాలు రాలేదు. చివరికి స్తంభం పట్టుకుని తనంతట తనే లేచాడు. మర్నాటి నుంచి వరుస లేదు, పలకరింపులూ లేవు. నిఖితకు వేరే దారులున్నా, కావాలనే ఆ ఇళ్ల ముందు నుంచే రోజూ పరుగెత్తింది. చూస్తే చూడనీ అనుకుంది.

అన్నీ పోయినా ఒక్క నొప్పి మాత్రం మిగిలింది. మహిమ ఎంత నొక్కినా అది కదల్లేదు.

"ఇది పోతలేదు. నువ్వే పోనిస్తలేవు," అంది మహిమ.

నిజమే. అది బాపుది, హనుమండ్లుది. ఆయన రిటైర్మెంట్‌కు ఇంకా రెండేళ్లుంది. నొప్పి తిరిగిపోతే ఆయన బాయిలోకి ఎలా దిగుతాడు? ఆ ఒక్కటి చాలు, రెండో రౌండులో ఆమె కాలు ఈడ్చడానికి. అయినా ఆమె దాన్ని గట్టిగా పట్టుకునే ఉంది. ఇంట్లో చెప్పలేదు. కానీ పొద్దున ఆమె మొదటి అడుగు హనుమండ్లు చూడనే చూశాడు.

"ఇంకెవరిది మిగిలింది బిడ్డా?" అని అడిగాడు.

నిఖిత చూపు ఆయన నడుము మీదికి పోయింది. ఆయనకు అర్థమైపోయింది. షిఫ్టు దిగి నేరుగా నస్పూర్ వచ్చి, మహిమ గదిలో స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు.

"మేడం, నాది నాకిప్పియ్యి."

"నేనియ్యను బాపు," అంది బల్లమీద ఉన్న నిఖిత. "నీకింక సర్వీసుంది."

"ఉంటే ఉండనీ. బాయి దిగుడు లేని పై పనికి మార్చుమని అడుగుత. లేకుంటే సెలవు పెడుత. గా ఫికర్ నీకెందుకు?"

"నువ్వు గిట్ల వంగిపోతే నేను చూడలేను."

"చూడకు. ముందుకు చూసి ఉరుకు." హనుమండ్లు గొంతు పెరిగింది. "గా నొప్పి నేను బొగ్గు తవ్వి సంపాయించుకున్న. నువ్వేం చేసినవని నీ కాడ పెట్టుకుంటవు? నీది నువ్వు సంపాయించుకో పో."

నిఖితకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పళ్లు బిగించి పాదం వదులు చేసింది. మహిమ బొటనవేలు లోపలికి దిగింది. గదంతా తడిబొగ్గు వాసన, బాయిలో బొగ్గు పేల్చే మందు వాసన. స్టూలు మీద హనుమండ్లు మెల్లగా ఒక పక్కకు వంగి, గోడ పట్టుకున్నాడు.

"వచ్చింది," అన్నాడు. మూలగలేదు.

"అంకుల్, పక్క బల్ల మీద మోకాళ్లు మడిచి పండుకోండ్రి," అంది మహిమ.

కరీంనగర్ మైదానంలో తాడు అవతల తండ్రులూ అన్నలూ కిక్కిరిసి ఉన్నారు. హనుమండ్లు చేయి నడుముకు పెట్టుకుని, వంగే, ముందు వరుసలో నిలబడ్డాడు. విజిల్ మోగింది. నిఖిత మడమలో మొదటిసారి ఎవరూ లేరు. తన బరువు ఒక్కటే మోసే కాలు ఇంత తేలిగ్గా ఉంటుందని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. రెండో రౌండులో ఒక్కొక్కరినే దాటుతుంటే ఆమెకు నవ్వొచ్చింది. గడువు ఇంకా మిగిలుండగానే గీత దాటింది.

"ఏమైంది తమ్మీ నడుముకు?" అని పక్కనున్న పెద్దాయన హనుమండ్లును అడిగాడు.

"నాదే. మొన్ననే ఇల్లు చేరింది."

"ఎదురుకాళ్లోళ్లు తొక్కితే ఇట్టే పోతది. మీ దిక్కు ఎవరు లేరా?"

హనుమండ్లు మైదానం వైపు చూశాడు. అక్కడ ఒక అధికారి నిఖిత నంబరు చూసి, పాసైనవాళ్ల వరుసలోకి పొమ్మని చేయి చూపిస్తున్నాడు.

"ఉన్నది ఒక పిల్ల," అన్నాడు. "కానీ గామె కాలు ఇప్పుడు డ్యూటీల ఉంది."