కుబుసం కోసం

ఆమెది కళ్ళజోళ్ల దుకాణం. ముందు గదిలో ఫ్రేములు, అద్దాలు, కంటిపరీక్ష కుర్చీ. వెనక గదిలో పాములు. ఈ రెండో సంగతి కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పేది కాదు. చెబితే సగం మంది బయానా వదిలేసి పారిపోతారు.

నిజానికి వాటికి విషం లేదు. అవి బాల్ పైథాన్లు, చిన్నజాతి కొండచిలువలు. బెదిరితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతాయి. మామూలుగా అయితే నల్లటి ఒంటిమీద గోధుమరంగు మచ్చలుంటాయి. పెంచేవాళ్లు వింత రంగులవాటిని వెతికి జతకట్టిస్తారు. ఆ రంగు రకాలను మార్ఫులంటారు. ఆమె దగ్గరున్నది నలుపే పుట్టని తెల్లజాతి ఆడపాము, ఒళ్లు లేత పసుపు, కళ్ళు ఎరుపు. దాన్ని వెన్న అని పిలుచుకునేది.

మగపాము మొగుడితో వెళ్లిపోయింది.

మొగుడు సైన్‌బోర్డులు రాసేవాడు. వీధి వీధంతా అతన్ని కుంచె అనేది. ఆమె దుకాణానికి బోర్డు రాయడానికి వచ్చి, వెనక గదిలో వెన్నను చూసి, నిచ్చెన అక్కడే వదిలేసి గంటసేపు మాట్లాడాడు. అతని దగ్గరా ఒక తెల్లజాతి మగపాము ఉంది. లేత ఊదా మెరుపుతో అచ్చం వంగపువ్వులా ఉండేది. పెళ్ళయ్యాక రెండు పాములూ ఒక గదిలోకి చేరాయి.

అలాంటి తెలుపు దాగి ఉండే గుణం. తల్లీ తండ్రీ ఇద్దరూ ఇస్తేనే పిల్లలో పైకి తేలుతుంది. ఇక్కడ రెండు పాములూ తెల్లజాతివే కాబట్టి పిల్లలన్నీ తెల్లగానే పుట్టాలని మొగుడూ పెళ్ళాం ఎదురుచూశారు. గుడ్లు పగిలాయి. ఒక్కటంటే ఒక్కటీ తెల్లగా లేదు. అన్నీ నలుపూ గోధుమా, మామూలు పాములే.

"నీ వెన్నని అమ్మినవాడు నీకు టోపీ పెట్టాడు," అని నవ్వాడు కుంచె.

"నీ వంగపువ్వుకి నువ్వే రంగేశావేమో. చేతిపనేగా," అంది ఆమె.

నవ్వు నాలుగు విధాల చేటంటారు. ఆ మాట పట్టుకుని ఇంకో మాట, దాన్ని పట్టుకుని పనిలేక అతను ఇంట్లో కూర్చున్న నెలలు, ఆమె నోటి దురుసు, అన్నీ బయటికొచ్చాయి. ఒకరోజు అతను పంజరం చంకన పెట్టుకుని అక్క ఇంటికి వెళ్లిపోయాడు. ఆగమని అనడానికి ఆమెకు వీధి మలుపు దాకా సమయముంది. కానీ చేతిలోని అద్దం తుడుస్తూ నిలబడిపోయింది.

ఏళ్లు గడిచాయి. కోపం ఎప్పుడో అరిగిపోయింది, మనిషి మాత్రం గుండెల్లోంచి కదల్లేదు. వీధిలో ఎవరైనా ఇనుప నిచ్చెన ఈడ్చిన చప్పుడైతే చాలు, కంటిపరీక్ష మధ్యలో వదిలి గుమ్మం దాకా వచ్చేది. ఎవడో కరెంటువాడు. మళ్ళీ లోపలికి పోయేది.

ఒకసారి ఒక యూనివర్సిటీ ల్యాబువాళ్లు పెంపకందార్లను కుబుసాలు పంపమని అడిగారు. ఏ రంగుకు ఏ జన్యువు కారణమో కనిపెడుతున్నారట. ఆమె వెన్న కుబుసం, దాచుకున్న ఆ పిల్లల్లో ఒక జంట కుబుసాలు పంపింది. కొన్నాళ్లకు అక్కడి పరిశోధకురాలు ఫోన్ చేసింది.

"అక్కా, మీ వెన్నలో నలుపు రంగు తయారుచేసే జన్యువు చెడింది. పిల్లల్లో ఆ చెడ్డ జన్యువు రెండు వంతుల్లో ఒక వంతే ఉంది, అది తల్లి ఇచ్చింది. కానీ వాటిలో ఇంకో జన్యువు కూడా ఒక వంతు చెడి ఉంది. అది తల్లిలో లేదు."

"అంటే తండ్రిదా?"

"అవుననే అనుకుంటున్నాం. తండ్రి కుబుసం దొరికితే తేలిపోతుంది. బొటనవేలి గోరంత ముక్క చాలు."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఇన్నేళ్లూ ఏ వంక పెట్టుకుని వెళ్లాలా అని వెతికింది. ఇప్పుడు వంక కాదు, పనే దొరికింది.

మర్నాడే ఆడపడుచు ఇంటికి వెళ్లింది.

"ఇన్నాళ్లకి మా తమ్ముడి కోసం వచ్చావనుకున్నా. పాము తోలు కోసమా?" అంది ఆడపడుచు.

"తోలు కాదు వదినా, కుబుసం."

"ఏదైతేనేం, ఒలుచుకోవడానికేగా," అంటూనే చిరునామా చెప్పింది.

రంగుల గోదాము మీద గది. తలుపు తీసిన కుంచె జుట్టు నెరిసింది. మణికట్టు మీద మాత్రం అప్పటిలాగే నీలం చారిక.

"అద్దాలూ! నువ్వా?" అన్నాడు. ఆ పేరుతో ఆమెను పిలిచేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఆమె పని చెప్పింది. అతను పెట్టె మూత తీసి చూపించాడు. వంగపువ్వు కళ్ళు పాలు పోసినట్టు మసకబారి ఉన్నాయి. కుబుసం విడిచే ముందు అలాగే అవుతాయి.

"ఇంకో వారం పడుతుంది. విడవగానే పంపిస్తాలే."

"వద్దు. చిరిగితే పనికిరాదు. నేనే వచ్చి చూసుకుంటా," అంది ఆమె.

ఆ వారమంతా రోజూ దుకాణం మూశాక నేరుగా అక్కడికే పోయింది. అతను స్టూలు మీద, ఆమె కుర్చీలో, మధ్యలో పెట్టె. మొదట పాము గురించే మాట్లాడుకున్నారు. తర్వాత అతనికి దగ్గరి అక్షరాలు ఆనడం లేదని తెలిసి, మర్నాడు పరీక్ష అద్దాల పెట్టె మోసుకెళ్లి చూపు కొలిచింది. ఆ మర్నాడు కళ్ళజోడు చేసి తెచ్చి అతని ముక్కు మీద సర్దింది. సర్దడం అయిపోయినా వేళ్లు కాసేపు అతని చెవి దగ్గరే ఉండిపోయాయి. అతను కదల్లేదు.

"ఇప్పుడు బోర్డులన్నీ మిషన్లో అచ్చు వేసేస్తున్నారు. దూరంగా ఓడలు కట్టే చోట పేర్లు రాసే పని దొరికింది. నెలాఖరుకి పోతున్నా," అన్నాడు.

"పాముని?"

"తీసుకెళ్తా."

ఇంకేం అడగాలో ఆమెకు తెలుసు. అది అడక్కుండా పాము పెట్టె మూత వేసింది.

కుబుసం విడిచిన రోజు అతను పెట్టె ముట్టుకోకుండా ఆమె వచ్చేదాకా కూర్చున్నాడు. తిరగేసిన మేజోడులా ఎక్కడా చిరగకుండా వచ్చింది. చెరో కొసా పట్టుకుని వెలుతురులో చూశారు.

"అయితే రేపట్నుంచి రావు," అన్నాడు.

"పనైపోయిందిగా," అంది ఆమె. కాలేదని అతను అంటాడేమోనని చూసింది. అతను కాగితం వెతికి కుబుసాన్ని జాగ్రత్తగా చుట్టి చేతికిచ్చాడు.

ల్యాబు ఫలితం వచ్చేసరికి అతను వెళ్లిపోయాడు. ఆమె ఫోన్ చేసింది.

"నన్నెవరూ మోసం చెయ్యలేదు, నువ్వూ చెయ్యలేదు. రెండూ అసలైన తెల్లవే. కాకపోతే వేరువేరు జన్యువులు. నలుపు రంగు ఒక కళ్ళజోడనుకో, ఒకదానికి ఫ్రేము లేదు, ఇంకోదానికి అద్దాల్లేవు. పిల్లలకి ఒకరు ఫ్రేమిచ్చారు, ఒకరు అద్దాలిచ్చారు. అందుకే అవి మామూలుగా పుట్టాయి."

అతను పెద్దగా నవ్వాడు. నవ్వు ఆగాక, "మరి మనం దేనికి పోట్లాడుకున్నట్టు?" అన్నాడు.

"పాముల గురించైతే కాదులే."

"కాదు," అన్నాడు మెల్లగా.

ఆ పిల్లల జంటను ఆమె జతకట్టించింది. తోబుట్టువులను కలపడం పెంపకందార్లలో మామూలే. దాగిన రెండు గుణాలూ ఒకే పిల్లలో తేలితే ఆ రంగు ఎలా ఉంటుందో ఇద్దరూ చూడలేదు. పదహారింట ఒక్కదానికే ఆ అవకాశం. ఆడది గుడ్లు ఐదే పెట్టింది. మూడు మామూలువి, ఒకటి వెన్నలాంటిది, ఒకటి వంగపువ్వు లాంటిది పుట్టాయి.

"రెండూ కలిసింది పుట్టలేదు," అని ఫోన్లో చెప్పింది ఆమె.

"పోన్లే. మళ్ళీ చూద్దాం," అన్నాడు.

చూడు అనలేదు, చూద్దాం అన్నాడు. ఆ రోజంతా ఆమె ఆ మాటను లోపల్లోపల అనుకుంటూనే గడిపింది.

ఆ ఏడాది అతను రాలేదు. సెలవు దొరకలేదన్నాడు, దొరికితే వస్తానన్నాడు. ఆదివారాలు ఫోన్ చేసి, పిల్లల్లో ఏది తిన్నది, ఏది మొండికేసింది అని అడుగుతాడు. ఆమె ఒక్కొక్కదాని సంగతీ చెబుతుంది. చెప్పడం అయిపోయాక అతని వైపు నుంచి సముద్రపు గాలి హోరు వినిపిస్తూ ఉంటుంది. ఫోన్ మాత్రం ఎవరూ ముందుగా పెట్టెయ్యరు.