మెడూసా మొహం తిప్పుకుంది

అక్కకు జబ్బు చేసి చెయ్యి వణకడం మొదలయ్యాక, ఇద్దరూ గుడ్డ మీద బొమ్మలు కుట్టే సన్నపూసల డబ్బా అలమారా పై అరకు ఎక్కింది. కింద ఉంటే దుమ్ము పడుతుందని చెల్లెలు చెప్పిన సాకు. మూత ఉన్న డబ్బాలో దుమ్మెలా పడుతుందని అక్క అడగలేదు. అంచులూ ఆకులూ, పెద్ద పూసల పనీ మాత్రమే తన ముందుకొస్తుంటే అర్థం కానిదేముంది?

అందుకే నాటకశాల మేనేజరు తమ ముందు హాలుకి పెద్ద పూసలతో చిత్రాలు రెండు కావాలన్నప్పుడు ఆమె పట్టుబట్టింది. గ్రీకు పురాణ కథ. తలుపుకి ఒక పక్క జుట్టంతా పాములైన మెడూసా, ఆమె మొహం చూసినవాడు రాయైపోతాడు. రెండో పక్క ఆమెను చంపడానికొచ్చిన వీరుడు. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుగా ఉండాలి. వీరుణ్ణి చెల్లెలు కుట్టాలి, మెడూసాను తను కుట్టాలి.

"ఇది చెడిందంటే ఇక సూది ముట్టుకోను. ఆ ఆకులు కూడా నువ్వే కుట్టుకో," అంది. అన్నంత పనీ చేసే మనిషి. చెల్లెలు వాదించకుండా ఖాళీ చట్రం ఒకటి అక్క ముందుకు జరిపింది. ఆ ఇంట్లో అది అరుదైన సంగతే.

వాళ్ళ పనిలో ఒక తిరకాసుంది. గుడ్డను చట్రానికి తిరగేసి బిగిస్తారు. పూసలు గుచ్చిన దారం కింద ఉంటుంది, పైనుంచి కొక్కెం సూది దించి ఆ దారాన్ని లాగుతూ ఒక్కో పూసనూ బిగించుకుంటూ పోవాలి. చట్రం తిప్పేదాకా బొమ్మ ఎలా వచ్చిందో కుట్టినవాళ్ళకే తెలియదు. కింది చెయ్యి తడిమి చేసే పని అది, అక్కకు వణికేదీ ఆ చెయ్యే. మణికట్టును చట్రం అంచుకు ఆనించి కుట్టేది. వణుకొస్తే ఆగేది, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టేది. చెల్లెలు పక్క చట్రం మీద వీరుణ్ణి కుట్టుకుంటూ ఓరకంట చూస్తుండేది.

చివరి పాము తోక కూడా పూర్తయ్యాక అక్క చట్రం తిప్పింది. మెడూసా అటు తిరిగి ఉంది. వీరుడికి వీపు చూపిస్తూ, పాములతో సహా.

గుడ్డ వెనకవైపు బొమ్మ గీసేటప్పుడు కాగితాన్ని తిరగేసి గీయాలి, లేకపోతే కుడి ఎడమలు తారుమారవుతాయి. పని నేర్చుకునేవాళ్ళకి అన్నిటికన్నా ముందు చెప్పే మాట. చెల్లెలికి చెప్పింది తనే. ఈసారి అక్కే అది మరిచింది. సూదిని సూదుల డబ్బాలో పెట్టి మూత వేసేసింది.

చెల్లెలొచ్చి కళ్ళజోడు పెట్టుకుని, పాముల మీద వేలు రాస్తూ వంగి చూసింది. చూసి చూసి నవ్వింది.

"నవ్వవే, బాగా నవ్వు," అంది అక్క.

"ఒక్క పూసైనా పక్కకి జరిగిందేమోనని వెతుకుతున్నా, దొరకట్లేదు. అక్కా, ఇది చేతి తప్పు కాదు, బుర్ర తప్పు. చెయ్యి బంగారంలా ఉంది."

అక్క తన చేతిని చూసుకుంది. అది ఇప్పుడూ వణుకుతోంది. పాములు మాత్రం ఎక్కడివక్కడ కుదురుగా ఉన్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

"మరి బొమ్మ సంగతి?"

"వాడు ఆవిణ్ణి నేరుగా చూడడు కదా, చూస్తే రాయే. అద్దంలాంటి డాలు పట్టుకుని, అందులో నీడ చూసుకుంటూ కదా వెళ్ళింది. ఆవిడ ఎటు తిరిగితే ఏం? మొహం డాలులో కనిపిస్తే చాలు."

వీరుడి చేతిలో డాలు ఇంకా ఖాళీ గుడ్డే. చెల్లెలు ఫోన్ చేసి చెబితే, మేనేజరు కథ మళ్ళీ చెప్పించుకుని మరీ ఇదే బాగుందన్నాడు.

"బొటనవేలంత మొహం, సన్నపూసల పని. నువ్వే కుట్టు," అంది అక్క, నేల చూస్తూ.

చెల్లెలు స్టూలెక్కి సన్నపూసల డబ్బా దించింది. మూత మీద నిజంగానే బోలెడు దుమ్ముంది. దాన్ని గుడ్డతో తుడిచి డబ్బాను అక్క ముందు పెట్టింది.

"ఈసారి కాగితం తిప్పు," అంది.

"తెలుసులేవే," అంటూ అక్క కాగితం తిప్పింది.