ఎంగిలి చేయని పాలు

నా తమ్ముడు లామ్ మా కొండ ఊరు డలాట్‌ను విడిచి వెళ్ళిన రోజు ఏటా వచ్చిందంటే అమ్మ బుట్ట పట్టుకుని బయల్దేరుతుంది, వెనకాల నేను. చేపల పడవ మీద పనికి వెళ్తూ వాడు ఆ రోజు, "సముద్రం మీద మన తిండి దొరకదే అక్కా" అంటూ ఊరంతా తిరిగి తిన్నాడు. పడవ తుఫానులో పోయింది. శవం దొరకలేదు. అలాంటివాళ్ళకు ఇల్లు విడిచిన రోజునే తద్దినం పెట్టాలి. అమ్మ ఒప్పుకోదు. వాడు నడిచిన దారినే నడిచి, వాడు తిన్నవే కొని, కొన్నచోటే ఒక ముక్క కొరికి మరీ మూట కట్టిస్తుంది. ఎంగిలి పడింది పోయినవాళ్ళకు పెట్టకూడదు కదా, అందుకే. అంత మొండిఘటం.

"తద్దినం పెట్టకపోతే, కొత్త ఏడాది పండక్కి అందరి పెద్దలూ ఇళ్ళకొచ్చి తిని పోతుంటే వాడొక్కడే ఆకలితో వీధిలో నిలబడతాడమ్మా" అని ఏటా పోరేదాన్ని.

"నోర్ముయ్! బతికున్నోడికి తద్దినమేంటే?" అనేది.

ఈసారీ అలాగే బయల్దేరాం. ఫ్రెంచి దొరల పాత బంగళా పక్క ఏటవాలు వీధిలో రొట్టె, మాంసపుండల పులుసు కొన్నాం. ఫోనులో దారి చూసుకుంటూ తిండి వెతుక్కునే టూరిస్టులు అడ్డంగా నిలబడితే విసుక్కుంటూ నేను గమనించలేదు. అమ్మ పొట్లాన్ని కొరక్కుండా అలాగే బుట్టలో పెట్టేసింది.

తర్వాత అట్లు అమ్మే న్యా అక్క బండి. మట్టి మూకుళ్ళలో బియ్యప్పిండి పోసి, పైన గుడ్డు కొట్టి కాలుస్తుంది.

"రా పిన్నీ! నీ కొడుకు పది జతలు మింగి, ఇంకా నా మూకుడు వంకే చూసేవాడు. వాడి దిష్టికే ఒకటి పగిలింది!"

అమ్మ నవ్వింది. "గుడ్డు నిండుగా కొట్టు న్యా. వాడికి తక్కువైతే గొడవ."

వేడి వేడి అట్లు మూట కట్టించుకుంది కానీ నోట పెట్టలేదు.

"పళ్ళు నొప్పా అమ్మా?"

"కాదు. నడు."

పొద్దు వాలుతుండగా సంత మెట్ల దగ్గరకు చేరాం. మంచు దిగింది. అక్కడ అమ్మే వేడి సోయా పాలంటే లామ్‌కు ప్రాణం. అమ్మ ఒక గ్లాసు కొని నా చేతికిచ్చింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే ఒక్క గుక్క తాగుదామని పెదాల దగ్గరకు తీసుకున్నాను.

అమ్మ నా చేతి మీద కొట్టింది. పాలు మెట్ల మీద ఒలికిపోయాయి.

"ఎంగిలి చెయ్యకే. తమ్ముడికి పెట్టాలి."

ఇన్నేళ్ళూ ఈ మాట కోసమే కదా నేను పోరింది. తీరా విన్నాక అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. వాడొస్తాడని అమ్మ కంటే నేనే ఎక్కువ ఎదురుచూశానని అప్పుడు తెలిసింది.

"అమ్మా, ఒక్క ముక్క కొరుకమ్మా" అని బతిమాలాను. బుట్టలోంచి అట్టు తీసి నోటి దగ్గర పెట్టాను. "ఈ ఒక్క ఏడాదికి కొరుకు. వచ్చే ఏడాది సంగతి తర్వాత చూద్దాం."

అమ్మ నా చేతిలోంచి అట్టు తీసుకుని మళ్ళీ మూటలో పెట్టి ముడి వేసింది.

"ఎన్నాళ్ళని పస్తు పెట్టనే పిల్లాణ్ణి? లే. అగరొత్తులు కూడా కొనాలి."

ఇంకో గ్లాసు పాలు కొని, మూత గట్టిగా నొక్కి, తనే పట్టుకుంది. నేను బుట్ట ఎత్తుకుని వెనక నడిచాను.