శిథిలం అన్న మాట

ఎదురింటి బాల్కనీ కింద నుంచే మా అమ్మాయి రోజూ పనికి వెళ్తుంది. అక్కడ పెచ్చు ఊడిపడిన నాటి నుంచి, పిల్ల ఇల్లు చేరేదాకా నా ప్రాణాలు గుప్పిట్లోనే. పిల్లి తుమ్మినా అంబులెన్సును పిలుస్తానని మా ఆయన వేళాకోళం.

అందుకే మునిసిపాలిటీ ఇంజనీరు ఆ ఇల్లు చూడటానికి వచ్చి, మీకేమైనా తెలుసా అని అడిగితే నోరు ఆగలేదు. జ్వరం కొంచెమే అంటే డాక్టరు సరిగా చూడడని నా నమ్మకం. పిల్లల చిన్నప్పటి నుంచీ ఒకటికి రెండు కలిపి చెప్పడమే అలవాటు. లారీ వెళ్తే ఇల్లంతా ఊగుతుందన్నాను. ఊగడం నేనెన్నడూ చూడలేదు.

"పూర్తిగా శిథిలమైపోయిందండీ" అని కూడా అన్నాను. వార్తల్లో విన్న మాట. పాతబడింది అంటే ఎవరు కదులుతారు? పెద్ద మాట వాడితే బాల్కనీ తొందరగా బాగుచేస్తారనుకున్నాను.

వారం తిరక్కుండానే ఆ గోడ మీద ఎర్ర రంగుతో అదే మాట రాశారు. కింది గదిలో అద్దెకుండి బట్టలు కుట్టుకుని బతికే ఆవిడను, నేను వదినా అని పిలిచే మనిషిని, ఖాళీ చేయమన్నారు.

ఆఫీసుకు పరుగెత్తి, ఊగుతుందన్నది అబద్ధమని ఒప్పుకున్నాను. ఇంజనీరు కోప్పడలేదు. మరమ్మతు అని రాస్తే యజమాని బాగుచేయించాలి, శిథిలం అని రాస్తే మనుషులు ఉండకూడదు, అంతే తేడా అన్నాడు. మళ్ళీ పరీక్షించాలంటే యజమానే అడగాలట. ఆయనకేమో ఇల్లు పోతే స్థలం చేతికొస్తుంది.

తిరిగొచ్చేసరికి వదిన సామాను వీధిలో ఉంది. పడుకోవడానికి చెల్లెలింట్లో ఓ మూల దొరికింది గానీ కుట్టుమిషనుకు చోటు లేదట. మా ముందుగదిలో పెట్టుకోమన్నాను. ఇద్దరం చెరోవైపు పట్టుకుని తెచ్చాం. దించాక కూడా నేను చేయి తీయలేదు.

"వదినా, ఆ మాట అన్నది నేనే."

"తెలుసు. మన వీధిలో వార్తలు అంత శ్రద్ధగా వినేది ఇంకెవరు?"

నాలుగు తిట్టినా బాగుండేది. సూదిలో దారం ఎక్కిస్తూ పైకి చూసింది. మా ఇంటి కప్పు వానకు ఉబ్బి, మచ్చ కట్టి ఉంది.

"దీని సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు వదినా. ఇంకెక్కడికి మోసుకెళ్ళను?"

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. మిషను తొక్కడం మొదలుపెట్టింది. కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. నేను నోరు మూసుకుని, గోడ పట్టుకుని నిలబడ్డాను.