అల్లిక వెనక పేజీ

నాకు ఏ పుస్తకమైనా వెనక నుంచి తెరవడం అలవాటు. ఆఖరి పేజీ ఉందో లేదో చూసుకున్నాకే మొదటి పేజీకి వస్తాను. ఉందో లేదో చూద్దామని తెరిచి, ఎలాగూ తెరిచాను కదా అని చదివేస్తాను. చదివాక ఇక మొదలుపెట్టబుద్ధి కాదు. బాపట్లలో మా ఇంటి అలమరా నిండా చివర్లు మాత్రమే చదివిన పుస్తకాలున్నాయి. ఈ మధ్య ఆ ఓపికా పోయింది. ఫోనులో ఎవరో రెండు నిమిషాల్లో కథంతా చెప్పేస్తుంటే, వింటూ కూర తరుక్కుంటున్నాను. లెక్కల టీచరును కాబట్టి నన్నెవరూ ఏమీ అనరు.

ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు. రేపల్లెలో, పన్నెండేళ్ళ వయసులో, నేను పప్పులు కట్టిచ్చిన పొట్లం కాగితం కూడా చదవకుండా వదిలేదాన్ని కాదు. మా అమ్మ జ్ఞానమ్మ మిషను బడిలో టీచరు. బైబిలు, పాఠ్యపుస్తకాలు తప్ప ఇంట్లో మరో అచ్చుకాగితం ఉండకూడదని ఆవిడ శాసనం. పక్కింటి సరోజిని అత్తయ్యకు శాసనాలు లేవు. వారపత్రికలో వచ్చే సీరియల్‌ని వారం వారం జాగ్రత్తగా చింపి దాచేది. అయిపోగానే పేజీలన్నీ వరసగా పేర్చి, తెనాలి పంపి బైండు చేయించేది. ఆ బైండులు మా వీధిలో తిరగని ఇల్లు లేదు. ఆవిడ వసారాలో బియ్యం ఏరుకుంటుంటే నేను పక్కన కూర్చుని పైకి చదివేదాన్ని. "హెప్సీ, నీ గొంతులో అయితే విలన్ కూడా మంచివాడేనేమో అనిపిస్తాడే" అనేది.

ఆ ఏడు ఒక సీరియల్ యాభై రెండు వారాలు నడిచింది. బైండు రాగానే మొదటి నుంచి చదవడం మొదలుపెట్టి, ఆఖరి వారం మిగిలి ఉండగా ఆగలేక బడిసంచిలో దాచి ఇంటికి తెచ్చాను. మర్నాడు కుట్లు అల్లికల రికార్డు చూపించాలి. నా రికార్డులో ఒక పేజీ ఖాళీ. చూస్తే, సీరియల్ ఆఖరి పేజీకి వెనక వైపున చక్కటి లేసు అల్లిక బొమ్మ, లెక్కలతో సహా అచ్చయి ఉంది. ఇంకేముంది, కత్తెర తీశాను. మైదా జిగురు పెట్టి రికార్డులో అంటించాను. జిగురు ఆరాక అప్పుడు వెలిగింది నా బుర్ర. కథ ముగింపు ఆ జిగురు కింద ఉంది. నేనింకా చదవనేలేదు.

రికార్డుకు ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. అమ్మ మురిసిపోయి, ఆ బొమ్మ చూసి మా రేడియో మీదికి లేసు గుడ్డ అల్లింది. రోజూ నా కళ్ళెదుటే ఉండేది. బైండును మాత్రం అత్తయ్య పెరట్లో ఉన్నప్పుడు వసారా బల్ల మీద పెట్టి పారిపోయి వచ్చాను. ఎందుకు రావడం లేదే అంటే పరీక్షలన్నాను. ఆ పరీక్షలు నాకు ఉద్యోగం వచ్చేదాకా అవలేదు.

పోయిన నెల అత్తయ్య కోడలు శకుంతల ఫోను చేసింది. "అక్కా, అత్తయ్యగారికి కంట్లో శుక్లం తీశారు. కళ్ళజోడు ఇచ్చేదాకా చదవొద్దన్నారు. హెప్సిబా చేత చదివించుకుంటానని ఒకటే గొడవ. ఒక్కసారి రాగూడదూ?"

ఆదివారం ఆరాధన అవగానే బండెక్కాను. తెనాలిలో మారి రేపల్లెలో దిగేసరికి రెండైంది. అత్తయ్య నల్లద్దాలు పెట్టుకుని వసారాలో కూర్చుని ఉంది. ఒళ్ళో బైండు. నీలం అట్ట చూడగానే పోల్చుకున్నాను, నేను కత్తెర పెట్టిన బైండే అది.

"ముందుదంతా గుర్తుందే. చివరి నాలుగు వారాలు చదువు చాలు" అంది.

మొదలుపెట్టాను. నాలుగు పేజీలకే ఫోను వెతుక్కుంటానని భయపడ్డాను కానీ, గొంతు దానంతటదే పాత దారి పట్టింది. ఆ కథానాయిక సుమతి కష్టాలకు నలభై రెండేళ్ళ తరవాత కూడా నాకు కళ్ళు చెమర్చాయి. ఒకపక్క పేజీలు తరిగిపోతున్నాయి. నల్లద్దాలు పెట్టుకున్న మనిషికి కంత కనిపించదు కదా, ఏదో ఒకటి కల్పించి చదివేస్తే పోలేదా అనుకున్నాను. ఆఖరి పేజీ వచ్చింది. "తలుపు చప్పుడైంది. సుమతి వణికే చేత్తో గడియ తీసింది. ఎదురుగా..." అంతే. ఆ కింద అరచెయ్యంత కంత.

కల్పించడానికి నోరు తెరిచాను. రాలేదు.

"అత్తయ్యా, ఇక్కడ కాగితం లేదు. కత్తిరించింది నేనే. చిన్నప్పుడు... రికార్డు కోసం..." అని ఏడ్చేశాను. యాభై నాలుగేళ్ళదాన్ని, పిల్లలకు మార్కులేసేదాన్ని, వెక్కి వెక్కి ఏడ్చాను.

"తెలుసే."

"ఏంటి?"

"ఆ క్రిస్మస్‌కి మీ ఇంటికి వచ్చానుగా. మీ రేడియో మీదే ఉంది నా ఆఖరి పేజీ, పువ్వులు పువ్వులుగా" అని నవ్వింది. "నువ్వే వచ్చి చెబుతావులే అని ఊరుకున్నా. నువ్వేమో అసలు రావడమే మానేశావు. నాకు బాధేసింది అందుకేనే, కాగితానికి కాదు."

మోస్తున్నానని మరిచిపోయిన మూటను ఎవరో దించినట్టు భుజాలు తేలికయ్యాయి. అప్పుడు అడిగాను, ఇన్నేళ్ళూ అడగలేనిది. "తలుపు తీస్తే ఎదురుగా ఎవరున్నారత్తయ్యా?"

"ఎవరూ లేరు. అదంతా సుమతికి వచ్చిన కల అని రాశాడు ఆ మహానుభావుడు!" అత్తయ్య అరచేత్తో బల్ల మీద కొట్టింది. "యాభై రెండు వారాలు ఏడిపించి కలంటాడా? నువ్వు కత్తిరించడమే నయమైంది. తరవాత పుస్తకం పట్టుకెళ్ళిన వాళ్ళంతా వచ్చి ముగింపు ఏంటని అడిగేవాళ్ళు. కొత్త పెళ్ళికూతురు అడిగితే మొగుడొచ్చాడన్నా. కొట్టాయన భార్య అడిగితే తప్పిపోయిన తమ్ముడొచ్చాడన్నా. ఎవరికి ఎవరు రావాలో వాళ్ళనే పిలిచానే."

శకుంతల కాఫీ తెచ్చి, మా ఇద్దరినీ చూసి, ఏమైందో తెలియకుండానే తనూ నవ్వింది.

వచ్చేటప్పుడు అత్తయ్య లోపలి నుంచి ఇంకో బైండు తెప్పించి నా చేతిలో పెట్టింది. "ఇది పట్టుకెళ్ళు. వచ్చే ఆదివారం తీసుకొచ్చి నాకు చదువు. కత్తెర మాత్రం ముట్టుకోకు."

సాయంత్రం బండిలో కిటికీ పక్కన సీటు దొరికింది. పుస్తకం తెరిచాను. కాసేపటికి ఎవరో భుజం తట్టారు. తల ఎత్తితే పెట్టె అంతా ఖాళీ.

"అమ్మా, తెనాలి వచ్చి చాలాసేపైందండి. బండి ఇక్కడికే. దిగరా?"

పేజీలో వేలు పెట్టుకునే దిగి, బాపట్ల వైపు ప్లాట్‌ఫారానికి పరుగు తీశాను. ఆఖరి పేజీ ఉందో లేదో చూసుకోలేదన్న సంగతి బండెక్కి కూర్చున్నాక గుర్తొచ్చింది. అయినా చూడలేదు. అప్పటికి ఆరో వారంలో ఉన్నాను.